288 నుంచి 1,660 దాకా: ఒక కొత్త ఎస్టిమేటర్ మొదటి ఆరు నెలలు

ఇది మా దగ్గర చేరిన ఒక కుర్రాడి కేసు. సివిల్ ఇంజనీరింగ్ అయిపోగానే నేరుగా ఎస్టిమేషన్ డెస్క్ మీదకి, అంటే కట్టకముందే ఖర్చు లెక్క కట్టే పనికి వచ్చాడు, సైట్‌లో ఒక్క రోజు కూడా పని చేయలేదు. డ్రాయింగ్ చదవడం వచ్చు, ఎక్సెల్ బాగా వచ్చు, డ్రాయింగుల నుంచి కొలతలు తీసే టేకాఫ్ సాఫ్ట్‌వేర్ అయితే నాకంటే వేగంగా నడుపుతాడు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇలాగే వస్తున్నారు. అందుకే మొదటి ఆరు నెలల్లో అతను ఎక్కడ తప్పాడో, మేం ఏం మార్చామో, లెక్కలతో సహా రాస్తున్నాను. అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను.

కొత్తవాళ్ళకి నేను మొదట నడుస్తున్న టెండర్ ఇవ్వను. ఎప్పుడో కట్టి, బిల్లులు కూడా అయిపోయిన భవనం డ్రాయింగులు తీసి ఇస్తాను. అసలు ఎంత ఖర్చయిందో, ఎంత కాంక్రీట్ పడిందో మా దగ్గర రికార్డు ఉంటుంది, కానీ వాళ్ళకి చూపించను. వాళ్ళు ఎస్టిమేట్ పూర్తి చేశాక రెండూ పక్కపక్కన పెట్టి కూర్చుంటాం. ఎవరికీ నష్టం లేదు, తప్పు ఎక్కడుందో మాత్రం నూటికి నూరుపాళ్ళు బయటపడుతుంది.

అతనికి ఇచ్చింది మూడంతస్తుల ఆఫీసు భవనం. ప్లాన్ 25 మీటర్లు బై 25 మీటర్లు, 5 మీటర్ల దూరంలో కాలమ్స్, వరసకి ఆరు చొప్పున మొత్తం 36. ఒక్కో ఫుటింగ్ (కాలమ్ కింద వచ్చే పునాది దిమ్మె) 2 మీటర్లు బై 2 మీటర్లు, కింద 100 మిల్లీమీటర్ల పీసీసీ (స్టీల్ లేని సాదా కాంక్రీట్) బెడ్, అది ఫుటింగ్ కంటే అన్ని వైపులా 100 మిల్లీమీటర్లు బయటికి. తవ్వకం లోతు 2 మీటర్లు. స్లాబ్ మందం 150 మిల్లీమీటర్లు. చూడ్డానికి చాలా సులువైన భవనం, కొత్తవాళ్ళకి సరిపోయేదే అనుకున్నాను.

పది రోజుల్లో పూర్తి చేసి తెచ్చాడు. షీట్లు ముచ్చటగా ఉన్నాయి, ప్రతి లైన్‌కీ డ్రాయింగ్ నంబర్ రాశాడు. కాంక్రీట్ మొత్తం 513 క్యూబిక్ మీటర్లు తీశాడు, మా రికార్డుకి 2 శాతం లోపే తేడా. అంటే కొలవడంలో అతనికి సమస్య లేదు. అయినా మొత్తం ఎస్టిమేట్ అసలు ఖర్చుకి బాగా తక్కువొచ్చింది.

మట్టి పని

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఇందులోనే ఉంది.

అతని లెక్క: 2 × 2 × 2 = 8 క్యూబిక్ మీటర్లు, 36 గుంటలు, మొత్తం 288. అందులో భూమి లోపల ఉండిపోయే కాంక్రీట్ సుమారు 97 తీసేసి, తిరిగి నింపే మట్టి 191 అని రాశాడు. లెక్కల్లో తప్పు లేదు. పీసీసీ బెడ్ వెడల్పు 2.2 మీటర్లు కదా, దాన్ని కూడా పట్టించుకోలేదని చెబితే వెంటనే సరిచేశాడు, 348 అయింది. ఇక సరిపోయింది కదా సార్ అన్నాడు.

నేనేమీ చెప్పలేదు. ఆ భవనం కట్టిన మేస్త్రీ ఇంకా మాతోనే పని చేస్తున్నాడు, ఆయన దగ్గరికి పంపాను. వెళ్ళి, "మేస్త్రీ గారూ, ఆ ఫుటింగులు ఎలా తవ్వారు?" అని అడిగాడట. ఆయన ఎదురు అడిగాడట: "నువ్వు రాసిన గుంటలో దిగి ఫుటింగ్ పెట్టెకి మేకు కొట్టాలంటే మనిషి ఎక్కడ నిలబడతాడు బాబూ?"

అప్పుడు కూర్చుని మళ్ళీ వేశాం. పీసీసీ చుట్టూ మనిషి తిరగడానికి 300 మిల్లీమీటర్లు వదిలితే గుంట అడుగు 2.8 మీటర్లు. అక్కడిది వదులు మట్టి, నిలువుగా తవ్వితే కూలిపోతుంది, కాబట్టి మీటరు లోతుకి అర మీటరు వాలు ఇచ్చారు. అంటే పైన గుంట వెడల్పు 4.8 మీటర్లు. ఒక్కో గుంట ఇప్పుడు 29.55 క్యూబిక్ మీటర్లు, 36 గుంటలకి సుమారు 1,064. ఇక్కడికే అతని ముఖం మారిపోయింది. కానీ ఇంకా అయిపోలేదు. కాలమ్స్ మధ్య దూరం 5 మీటర్లు, గుంట పైన 4.8 మీటర్లు. మధ్యలో మిగిలేది 20 సెంటీమీటర్లు. మేస్త్రీ మాటల్లోనే: "గుంటకీ గుంటకీ మధ్య జానెడు మట్టి మిగులుతుంది, అది నిలబడుతుందా? మొత్తం లాగేశాం." అంటే భవనం కింద అంతా ఒకటే గొయ్యి. అడుగు 27.8 మీటర్ల చదరం, పైన 29.8 మీటర్ల చదరం, లోతు 2 మీటర్లు. 1,660 క్యూబిక్ మీటర్లు.

డ్రాయింగ్ ఒక్కటే. అందులో 1,660 అన్న అంకె ఎక్కడా లేదు, వాలు లేదు, మనిషి నిలబడే చోటు లేదు. డ్రాయింగ్ పూర్తయిన భవనాన్ని చూపిస్తుంది, అది పూర్తవడానికి మధ్యలో ఏం చేయాలో చూపించదు. ఆ మధ్యలో జరిగేదానికే ఎస్టిమేటర్ డబ్బు లెక్క కట్టాలి.

తవ్విన మట్టి కూడా ఊరుకోదు, ఉబ్బుతుంది. ఈ రకం మట్టికి 25 శాతం అనుకుంటే 1,660 కాస్తా వదులుగా 2,075 అవుతుంది. 10 క్యూబిక్ మీటర్ల టిప్పర్ అయితే దాదాపు 208 ట్రిప్పులు. ఉబ్బు కలపని అతని మొదటి లెక్క ప్రకారం 29 ట్రిప్పులు. ఆ స్థలం ఇరుకు, పక్కన పోసుకునే చోటు లేదు, బయటికి తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తేవాలి. తిరిగి నింపాల్సింది 191 కాదు, సుమారు 1,560. దాన్ని పొరలుగా పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడ తికమకపడతారు. చాలా ఒప్పందాల్లో తవ్వకాన్ని పునాది అడుగు కొలత × లోతుగానే కొలుస్తారు, మనిషి తిరగడానికి వదిలిన చోటుకీ వాలుకీ విడిగా డబ్బు ఇవ్వరు. అంటే బీఓక్యూలో (ఒప్పందంలోని పనుల, పరిమాణాల పట్టికలో) కనిపించేది ఆ 348 మాత్రమే కావచ్చు, తవ్వేది 1,660. దాదాపు 4.8 రెట్లు. ఆ తేడా మొత్తం మనం రాసే యూనిట్ రేటులోకి ఎక్కాలి. క్వాంటిటీని మాత్రం పెంచి రాయకూడదు, అది ఒప్పందం చెప్పినట్టే ఉండాలి. బీఓక్యూ కోసం కొలిచేది వేరు, ఖర్చు కోసం కొలిచేది వేరు అన్న సంగతి అతనికి ఆ రోజు తెలిసింది. నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, అది కూడా ఒక నిజమైన పనిలో నష్టం వచ్చాక. ఆ బాధ ఇంకొకళ్ళకి వద్దనే ఈ పద్ధతి పెట్టుకున్నాను. కొలత నియమాలు ఒప్పందాన్ని బట్టి మారతాయి కాబట్టి, టెండర్ రాగానే మొదట చదవాల్సింది డ్రాయింగులు కాదు, కొలత ఎలా చేయాలో రాసిన పేజీలు.

స్టీల్

513 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్‌కి 36.5 టన్నుల స్టీల్ తీశాడు. బీబీఎస్ షీట్ (ప్రతి రాడ్ పొడవు, సంఖ్య రాసే పట్టిక) తెరవకముందే ఏదో తగ్గిందని తెలిసిపోయింది, ఎందుకంటే అది క్యూబిక్ మీటరుకి 71 కిలోలే. మేం కట్టిన ఇలాంటి భవనాలకి 100 పైనే వచ్చింది. ఈ చిన్న భాగహారం ప్రతి ఎస్టిమేట్‌లోనూ చేసి చూసుకోవాలి, నిమిషం కూడా పట్టదు. తప్పు ఏంటో అది చెప్పదు, కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది.

వెతికితే మూడు దొరికాయి. స్లాబ్‌లో కింది రాడ్లు లెక్క పెట్టాడు, బీముల మీద పైన వచ్చే రాడ్లు వేరే డ్రాయింగ్‌లో ఉన్నాయి, అవి వదిలేశాడు. కాలమ్ రింగులు ఎత్తంతా ఒకే దూరంలో వేశాడు, నిజానికి బీమ్ దగ్గర దగ్గరదగ్గరగా వస్తాయి. మూడోది ల్యాప్, అంటే రెండు రాడ్లు అతికేచోట ఒకదాని పక్కన ఒకటి కలిసి వచ్చే పొడవు. భవనం 25 మీటర్లు, రాడ్ 12 మీటర్లే వస్తుంది, కాబట్టి ఒక వరసకి మూడు రాడ్లు, రెండు అతుకులు. ల్యాప్ 50 రెట్ల వ్యాసం అనుకుంటే 10 ఎంఎం రాడ్‌కి అర మీటరు, రెండు అతుకులకి మీటరు, అంటే 4 శాతం. అదే 16 ఎంఎం అయితే 1.6 మీటర్లు, 6.4 శాతం. ఇది వేస్టేజ్ కాదు, నిర్మాణంలోనే ఉండే స్టీల్. కటింగ్ ముక్కలు, చైర్లు (పై రాడ్లని ఎత్తి పట్టే ముక్కలు), బైండింగ్ వైర్ దీనికి అదనం. అన్నీ కలిపాక 54 టన్నులు వచ్చింది, క్యూబిక్ మీటరుకి 105 కిలోలు.

ఇక్కడే ఒక చిన్న మాట. రాడ్ బరువుకి వ్యాసం వర్గాన్ని 162తో భాగించాలని అతనికి కంఠతా వచ్చు, ఎందుకు 162 అంటే తెలియదు. స్టీల్ సాంద్రత క్యూబిక్ మీటరుకి 7,850 కిలోలు, దాన్ని రాడ్ అడ్డుకోత వైశాల్యంతో గుణించి మిల్లీమీటర్లని మీటర్లలోకి మారిస్తే వచ్చేదే అది, మాయ ఏమీ లేదు. అలాగే 1:1.5:3 కాంక్రీట్‌కి 1.54ని 5.5తో భాగించి 1,440తో గుణిస్తే క్యూబిక్ మీటరుకి 403 కిలోల సిమెంట్, అంటే 50 కిలోల బస్తాలు సుమారు 8. ఆ 1.54 ఎక్కడిదంటే, పొడిగా ఉన్న ఇసుక, కంకర మధ్య ఖాళీలు తడిపి కలిపితే పూడిపోతాయి కాబట్టి అంత ఎక్కువ తీసుకోవాలి. ఇలాంటి ప్రతి అంకె వెనకా ఉన్న కారణం ఒకసారి కాగితం మీద రాసి చూసుకోమన్నాను. కారణం తెలిసినవాడికి అంకె తేడాగా వస్తే వెంటనే అనుమానం వస్తుంది.

సెంట్రింగ్

సెంట్రింగ్ అంటే కాంక్రీట్ గట్టిపడేదాకా దాన్ని పట్టి ఉంచే అచ్చు. దాని వైశాల్యం సరిగ్గానే తీశాడు. 150 మిల్లీమీటర్ల స్లాబ్‌లో ఒక క్యూబిక్ మీటరు కాంక్రీట్‌కి దాదాపు 6.7 చదరపు మీటర్ల సెంట్రింగ్ కావాలి, 400 బై 400 కాలమ్‌కి అయితే 10. ఇవి బాగా పట్టుకున్నాడు. కానీ ఒకే సెట్ మూడు అంతస్తులకీ తిరుగుతుందని రేటు వేశాడు. షీట్లు తిరగొచ్చు, పోట్లు (స్లాబ్‌ని కింద నుంచి మోసే ఊతాలు) తిరగవు. పై స్లాబ్ పోసేటప్పుడు కింది స్లాబ్ ఇంకా పూర్తి బలానికి రాదు, దాని కింద పోట్లు అలాగే ఉంచాలి. షెడ్యూల్ ప్రకారం కనీసం రెండు అంతస్తులకి సరిపడా పోట్లు ఉండాలి, అన్ని రోజుల అద్దె పడాలి. ఎస్టిమేట్‌లో కాలం కూడా ఒక సరుకే, దానికీ రేటు ఉంటుంది. సూపర్‌వైజర్ జీతం, కాపలా, జనరేటర్, క్రేన్, ఇవన్నీ రోజుల లెక్కన నడిచేవే. అతని ఎస్టిమేట్‌లో ఎక్కడా ఎన్ని నెలల పని అన్నది లేదు.

ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, పెయింట్ పెద్దగా చెప్పుకునేంత ఏమీ లేవు. ఒక్కచోట మాత్రం గట్టి దెబ్బ తగిలేది: ఒక పీడీఎఫ్ షీట్ ఏ1 సైజులో 1:100 స్కేలుకి గీసింది, దాన్ని ఎవరో ఏ3కి కుదించి పంపారు. అంటే అది నిజానికి 1:200. స్కేలు మార్చకుండా కొలిస్తే పొడవులు సగం, వైశాల్యాలు నాలుగో వంతు వస్తాయి. డ్రాయింగ్‌లో రాసి ఉన్న ఏదో ఒక కొలతని సాఫ్ట్‌వేర్‌లో కొలిచి చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి, ప్రతి షీట్‌కీ. ఇది అతనే పట్టుకున్నాడు, నేను చెప్పకముందే.

తప్పులన్నీ ఒకవైపే ఎందుకు

5 శాతం కంటే ఎక్కువ తేడా ఉన్న లైన్లు 31 లెక్కతేలాయి. అందులో 26 తక్కువ వైపు, 5 మాత్రమే ఎక్కువ వైపు. అతను ఇది చూసి చాలా డీలా పడ్డాడు. నాకు మాత్రం ఇది అతని ఒక్కడి లోపంగా అనిపించలేదు.

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యెర్గ్, ఆయన బృందం 2002లో 258 రవాణా ప్రాజెక్టుల ఖర్చుల మీద అధ్యయనం ప్రచురించారు. ప్రతి పదిలో దాదాపు తొమ్మిదింటికి అంచనా తక్కువే వేశారు. సగటున రైలు ప్రాజెక్టులకి 45 శాతం, వంతెనలు, సొరంగాలకి 34, రోడ్లకి 20 శాతం ఎక్కువ ఖర్చయింది. వాళ్ళ వాదన ఏంటంటే, ఇవి మామూలు పొరపాట్లే అయితే సగం అటు, సగం ఇటు పడాలి కదా, ఒకవైపే పడుతున్నాయంటే పని మంజూరు కావాలని తక్కువ చేసి చూపిస్తున్నారని. పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టుల సంగతి అది. డెస్క్ దగ్గర కూర్చున్న కొత్త ఎస్టిమేటర్ ఎవరినీ మోసం చేయడు, అయినా అతని తప్పులూ ఒకవైపే పడతాయి. కారణం సాదా: మర్చిపోయిన వస్తువు ఖర్చు ఎప్పుడూ సున్నాగానే నమోదవుతుంది. కొలతలో తప్పు అటూఇటూ పోవచ్చు, మరుపు మాత్రం కిందికే లాగుతుంది. కాబట్టి కొత్తవాళ్ళు కొలతలని మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవడం కంటే ఏం వదిలేశామో వెతకడానికి ఎక్కువ టైమ్ పెట్టాలి.

ఆ సాయంత్రం అతను అడిగాడు, "ఎంత దగ్గరగా రావాలి సార్, 5 శాతమా, 10 శాతమా?" అది ఎస్టిమేట్ ఏ దశలో వేస్తున్నామో దాన్ని బట్టి ఉంటుంది. ఏఏసీఈ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఎస్టిమేట్లని 5 తరగతులుగా విడదీసింది, డిజైన్ ఇంకా ఆలోచన దశలోనే ఉన్నది 5వ తరగతి, దాదాపు పూర్తయినది 1వ తరగతి. ప్రాసెస్ ప్లాంట్ల కోసం వాళ్ళిచ్చిన పట్టికలో 5వ తరగతికి కింది వైపు 20 నుంచి 50 శాతం, పై వైపు 30 నుంచి 100 శాతం దాకా తేడా రావచ్చని ఉంటుంది, 3వ తరగతికి వచ్చేసరికి అది కింద 10 నుంచి 20, పైన 10 నుంచి 30కి తగ్గుతుంది. గమనిస్తే అక్కడ కూడా పై వైపే ఎక్కువ వదిలారు. రెండు గీతల స్కెచ్ చూసి పైసలతో సహా అంకె చెప్పడం నేర్పు కాదు, అడిగినవాళ్ళని తప్పుదోవ పట్టించడం.

ఏం మార్చాం

ముందుగా నా తప్పు. అతన్ని పది రోజులు గదిలో కూర్చోబెట్టి, రేట్ల ఫైల్ చేతికిచ్చి, గుణించి తెమ్మన్నాను. రేటు ఎలా పుడుతుందో చూడనివాడికి రేటు ఇవ్వడం నా పొరపాటు. తర్వాతి రెండు నెలలు వారంలో రెండు రోజులు సైట్‌కి పంపాను, చేతిలో ఒకే పని పెట్టుకుని. ఒక వారం ఇటుక పని: ఎంతమంది తాపీ మేస్త్రీలు, ఎంతమంది కూలీలు, ఎన్ని గంటలు, ఎంత గోడ లేచింది, ఎన్ని ఇటుకలు విరిగాయి, సరుకు పైకి ఎక్కించడానికి ఎంత సేపు పట్టింది. ఆఫీసుకి వచ్చి ఆ కాగితంతోనే రేట్ అనాలిసిస్ రాయడం. ఫైల్‌లో ఉన్న రేటుకీ అతను కట్టిన రేటుకీ తేడా వస్తే ఎందుకో కనుక్కోవడం. మూడో అంతస్తులో కట్టిన గోడకీ నేల మీద కట్టిన గోడకీ ఒకే రేటు ఎందుకు ఉండకూడదో నేను చెప్పనక్కర్లేకుండా అతనే వచ్చి చెప్పాడు.

ఒక నోట్‌బుక్ పెట్టించాను. ప్రతి పేజీలో ఎస్టిమేట్ చేసిన అంకె, జరిగిన అంకె, తేడాకి కారణం ఒక్క వాక్యంలో. చెక్‌లిస్టులు బయట చాలా దొరుకుతాయి, కానీ తన తప్పుల నుంచి తను రాసుకున్న చెక్‌లిస్టే మనిషికి గుర్తుంటుంది. ఆరు నెలలకి 40 పేజీలు దాటింది.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. ఏదో ఒకటి నేర్చుకోండి, నెల రోజుల పని. అవకాశం ఉంటే మాత్రం ముందు ఒక ఏడాది సైట్‌లో చేసి రండి. కుదరకపోతే, మీరుంటున్న ఇంట్లోనే ఒక గదిని టేపుతో కొలిచి, దానికి పట్టిన ప్రతి వస్తువునీ, ప్రతి పనినీ వరసగా రాసి చూడండి, తలుపు గొళ్ళెం దాకా. ఇది ఒక్క మనిషి కేసే, అందరికీ ఆరు నెలలే పడుతుందని చెప్పను.

ఐదో నెలలో నిజమైన టెండర్ వచ్చింది, ఇద్దరం విడివిడిగా క్వాంటిటీలు తీశాం. ప్రధానమైన లైన్లలో ఇద్దరికీ 3 శాతం లోపే తేడా. ప్లాస్టరింగ్‌కి వచ్చిన మూడు సబ్‌కాంట్రాక్ట్ కొటేషన్లలో ఒకటి బాగా తక్కువుంది, నేను సంతోషంగా పక్కన పెట్టుకున్నాను, అతను చివరి పేజీ చదివి అందులో పరంజా కలపలేదని చూపించాడు. పరంజా కలిపితే అది మూడింటిలో ఎక్కువ రేటు అయింది.

టెండర్ వేయడానికి రెండు రోజుల ముందు మట్టి పరీక్ష రిపోర్ట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. బోర్ లాగ్‌లో నీళ్ళు 1.6 మీటర్ల లోతులో తగిలాయని ఉంది, పరీక్ష తేదీ చూస్తే మంచి ఎండాకాలం. మన తవ్వకం 2 మీటర్లు, పని మొదలయ్యేది వానలు పడ్డాక. ఎస్టిమేట్‌లో నీళ్ళు తోడే పంపు లేదు. రెండుసార్లు చూసిన నేను కూడా అది వదిలేశాను. డిజైనర్‌కి ప్రశ్న రాసి పంపాడు, జవాబు వచ్చేలోపు ఎన్ని పంపులు, ఎన్ని రోజులు, రాత్రి కాపలాతో సహా లెక్క కట్టాడు, ఏ నీటి మట్టం అనుకుని వేశామో టెండర్‌లోని షరతుల పేజీలో స్పష్టంగా రాశాడు.

పని మాకే వచ్చింది. ఇప్పుడు అక్కడ ఫుటింగులు పడుతున్నాయి. వారానికోసారి వెళ్ళి పంపు ఎన్ని గంటలు తిరిగిందో నోట్‌బుక్‌లో రాసుకొస్తున్నాడు, మొన్నటికి మేం వేసిన గంటల కంటే కాస్త ఎక్కువే ఉంది.